డ్రాగన్ శరీరంలో యజమాని ఆజ్ఞ

డ్రాగన్ కథలను గురించి అభ్యుదయ రచయితల పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు ఆశ్చర్యపోవచ్చును. కరువులూ, వలసలూ, ఉద్యోగాలు లేక తిరిగే పట్టభద్రులూ కళ్లముందు వుండగా నిప్పులు కక్కే రెక్కల జంతువుతో మనకేం పని అని వారడిగితే, ఆ ప్రశ్నను నేను తేలికగా తోసివెయ్యలేను. అయినా ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. ఇందుకు కారణం మా కళాశాలలో చదివే ఒక విద్యార్థి. అతడొక కథ రాసి తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో శాస్త్రజ్ఞులు జన్యువులను కత్తిరించి, అతికించి ఒక డ్రాగన్‌ను తయారుచేస్తారు. కథ ఆరు పేజీలు. దానికి ముందు ఆ జంతువు లక్షణాల పట్టిక నాలుగు పేజీలు. పొలుసుల రంగు, రెక్కల పొడవు, చీకట్లో చూడగల కళ్లు, గొంతులో నిప్పు పుట్టించే తిత్తి, అన్నీ వరసగా వున్నాయి. "ఇలాంటి జంతువు సాధ్యమేనా సార్?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆ పట్టికను దగ్గర పెట్టుకుని చూశాను. ఎంత శ్రద్ధగా తయారుచేసినా అందులో ఒక గడి లోపించింది. ఈ జంతువును ఎవరు తయారుచేయించారు, ఏ పనికోసం, దాని మేత ఖర్చు ఎవరిది అన్న సంగతి ఎక్కడా లేదు. రెక్కలున్నాయి గాని ఆ రెక్కలు ఎవరి అవసరమో లేదు. సాధ్యాసాధ్యాల కంటె ఈ ప్రశ్నే ముఖ్యమని నాకు తోచింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

ఈ రకం కల్పన పట్ల మనలో రెండు వైఖరులు కనిపిస్తున్నాయి. ఒకటి, దీన్ని పలాయనవాదమని ఒక్కమాటతో కొట్టిపారెయ్యటం. రెండవది అభిమానుల వైఖరి. జంతువు ఎగరగలదా, దాని ఎముకల్లో బోలు వున్నదా, నిప్పుకు కావలసిన రసాయనం ఏదో రచయిత చెప్పాడా అని లెక్కలు చూసి, లెక్క సరిపోతే మంచి కథ అని తీర్పు చెప్పటం. మొదటి వారు పుస్తకం తెరవకుండానే తీర్పిస్తున్నారు. రెండవ వారు పుస్తకం తెరిచి ఇంజనీరు పని చేస్తున్నారు. సాహిత్య విమర్శ ఈ రెండింటిలో ఏదీ కాదు.

పాత కథల్లోని వింత జంతువుకూ, ఈ కొత్త డ్రాగన్‌కూ మౌలికమైన తేడా వున్నది. మన ఆలయ స్తంభాల మీది యాళిని గాని, కథల్లోని గండభేరుండాన్ని గాని తీసుకోండి. వాటిని మనిషి ఊహ సృష్టించింది. కాని కథలోపల వాటిని ఎవరూ తయారుచెయ్యలేదు. అవి వున్నాయి, అంతే. వాటి కోరలకు సంజాయిషీ అవసరం లేదు. జన్యువులు మార్చి తయారుచేసిన డ్రాగన్ అలాంటిది కాదు. దానికి కథలోనే ఒక నిర్మాత వున్నాడు. అతనికొక ప్రయోగశాల వున్నది, దానికి డబ్బిచ్చినవాడు వున్నాడు. కాబట్టి ప్రతి పంజా వెనకా ఒక నిర్ణయం వుండి తీరాలి. ఆ నిర్ణయాన్ని రచయిత దాచినా, చెప్పినా, మరచిపోయినా, దాన్ని అడిగే హక్కు పాఠకుడికి వున్నది.

నా దృష్టిలో అడగవలసిన ప్రశ్నలు మూడు. ఈ శరీరం నిలబడుతుందా? దేని నుంచి వచ్చింది? ఎవరి ఆజ్ఞ మీద వచ్చింది?

మొదటి ప్రశ్నకు మనకు మంచి గురువు జె.బి.ఎస్. హాల్డేన్. బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, 'డైలీ వర్కర్' పత్రికలో కార్మికులకు విజ్ఞానశాస్త్రం బోధించిన ఈ జీవశాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. జంతువుల పరిమాణాన్ని గురించి ఆయన 1926లో రాసిన చిన్న వ్యాసం డ్రాగన్ కథలు రాసేవారందరూ చదవదగ్గది. గెలీలియో 1638లో వివరించిన సూత్రాన్నే ఆయన సామాన్యుడికి అర్థమయ్యేట్టు చెప్పాడు. ఒక జంతువును అదే ఆకారంలో రెండింతలు పొడవు చేస్తే దాని బరువు ఎనిమిదింతలవుతుంది. ఎముకల అడ్డుకోత, రెక్కల వైశాల్యం మాత్రం నాలుగింతలే అవుతాయి. అందుచేత పెద్ద జంతువంటే చిన్న జంతువుకు పెద్ద అచ్చు కాదు. దాని ఆకారమే మారాలి. బొమ్మల్లోని దేవదూత నిజంగా ఎగరాలంటే రెక్కలాడించే కండరాలకోసం అతని రొమ్ము నాలుగడుగులు ముందుకు పొడుచుకు రావాలని హాల్డేన్ లెక్క కట్టాడు.

ఎగిరిన జంతువుల్లో మనకు తెలిసిన అతి పెద్దవాటిలో ఒకటి క్వెట్జల్‌కోట్లస్ అనే ప్రాచీన సరీసృపం. దాని శిలాజాలు 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో దొరికాయి. రెక్కలు చాస్తే పది మీటర్లకు పైగా వుండేది. బరువు రెండు వందల కిలోల పైచిలుకని అంచనా. ఏనుగంత డ్రాగన్ మీద మనిషిని కూచోబెట్టి ఎగరేసే రచయిత ఈ అంకెలతో ఏదో ఒక ఒప్పందానికి రావాలి. ఆ గ్రహం మీద ఆకర్షణ తక్కువ అనవచ్చును, గాలి చిక్కన అనవచ్చును. ఏదీ చెప్పకపోతే అతని జంతువు కాగితం మీదనే ఎగురుతుంది.

రెండవ ప్రశ్న వంశానికి సంబంధించినది. ప్రకృతిలో గాని ప్రయోగశాలలో గాని ఏ శరీరమూ శూన్యంలోంచి పుట్టదు. భూమి మీద వెన్నెముక గల జంతువులకు కాళ్లో, రెక్కలో, చేతులో అన్నీ కలిపి నాలుగు అవయవాలకు మించి లేవు. గబ్బిలం రెక్క దాని చెయ్యే. నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ వున్న డ్రాగన్‌కు ఆరు అవయవాలవుతాయి. బల్లి జన్యువులు తీసుకుని ఆరు అవయవాల జంతువును చేశామని చెప్పే రచయిత ఆ అదనపు జత ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. నిప్పు సంగతీ అంతే. బొంబార్డియర్ అనే పేరున్న కీటకం కడుపులో రసాయనాలను దాచి, అవసరమైనప్పుడు వాటి మధ్య చర్య జరిపించి, సలసల కాగే ద్రవాన్ని శత్రువు మీద చిమ్ముతుంది. ప్రకృతి ఇచ్చిన ముడిసరుకు ఎంత విచిత్రమైనదో తెలిసిన రచయితకు కల్పన చెయ్యటం తేలికవుతుంది.

మా విద్యార్థి పట్టిక ఈ రెండు ప్రశ్నలకూ చాలావరకు జవాబిచ్చింది. అభిమానుల విమర్శ ఇక్కడే ఆగిపోతుంది. నాకు మాత్రం అసలు విషయం ఇక్కడినుంచే మొదలవుతున్నది.

వానరుడు నరుడుగా మారటంలో శ్రమ నిర్వహించిన పాత్రను గురించి ఎంగెల్స్ 1876లో రాసిన వ్యాసం ఈ పత్రిక పాఠకులకు పరిచితమే. మన చెయ్యి ఇప్పుడున్న రూపానికి రావటానికి తరతరాల శ్రమే కారణమని ఆయన వాదన. మనిషి తన పని ద్వారా తన చెయ్యిని తానే మలచుకున్నాడు. మచ్చిక చేసిన జంతువు సంగతి వేరు. దాని శరీరాన్ని మరొకడి పని మలిచింది. ఇందుకు మన నేలమీది ఉదాహరణే వున్నది. ఒంగోలు జాతి పశువు మూపురాన్నీ, మెడనూ, కాళ్ల బలాన్నీ ఇక్కడి రైతు దుక్కికోసం, బండికోసం తరతరాలుగా ఎంచుకుని పెంచాడు. 19వ శతాబ్దంలో ఆ పశువులే సముద్రం దాటి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటిని నెల్లూరు పేరుతోనే 'నెలోర్' అంటారు. ఇప్పుడవి ఆ దేశపు మాంసం వ్యాపారానికి మూలాధారం. అక్కడ ఎంపిక నాగలి లాగే బలానికి జరగలేదు, పెరిగే కండకు జరిగింది. వంశం ఒకటే. ఆజ్ఞ మారింది, శరీరం ఆ ఆజ్ఞ వెంట నడిచింది.

ఎంపికకు తరాలు పట్టేది. జన్యు విజ్ఞానం ఆ వ్యవధిని కుదించింది. 1973 నాటికి ఒక జీవి జన్యువును మరొక జీవిలో పెట్టటం సాధ్యమైంది. 1980లో ఆనందమోహన్ చక్రవర్తి మార్పుచేసిన సూక్ష్మజీవి మీద పేటెంటు చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1988లో ఆ దేశం ఒక ఎలుకకు పేటెంటు ఇచ్చింది. క్యాన్సర్ తేలికగా వచ్చేట్టు జన్యువులు మార్చిన ప్రయోగశాల ఎలుక అది. ఆ జబ్బే దాని ఉపయోగం. పని కల్పించిన లక్షణం శరీరంలో వుండటం కొత్త కాదు గాని, లక్షణమే ఆస్తి కావటం కొత్త. ఇది జరిగిన ప్రపంచంలో మనం డ్రాగన్ కథలు చదువుతున్నాం.

ఈ దృష్టితో చూస్తే నాకు మొదట గుర్తుకు వచ్చేది జాక్ వాన్స్ రాసిన 'ది డ్రాగన్ మాస్టర్స్'. ఇది 1962లో అమెరికాలో 'గెలాక్సీ' పత్రికలో వచ్చి మరుసటి సంవత్సరం హ్యూగో బహుమతి పొందింది. ఇందులో డ్రాగన్లను చేసింది జన్యువుల కత్తిరింపుతో కాదు, తరతరాల ఎంపికతో. అయినా శరీరాన్ని ఆజ్ఞ ప్రకారం కట్టటమనే విషయంలో ఇంతకంటె స్పష్టమైన కథ నేను చదవలేదు. ఎయిర్‌లిత్ అనే గ్రహంలో మనుషులు లోయల్లో బతుకుతుంటారు. ఆకాశంలోంచి 'బేసిక్' లనే తెలివైన సరీసృప జాతి అప్పుడప్పుడూ వచ్చి మనుషులను పట్టుకుపోతుంది. ఒకసారి మనుషులు కొందరు బేసిక్‌లను బంధించి, వాళ్ల సంతతినుంచే యుద్ధానికి డ్రాగన్లను పెంచారు. చిన్నవి, చురుకైనవి, సంఖ్యలో ఎక్కువగా వుండేవి టర్మగాంట్లు. తోకల చివర ఇనుపగుండ్లు తగిలించినవి ఫీండ్లు. కొమ్ములతో పొడిచేవి, స్వారీకి పనికివచ్చేవి, కోటలాగా కదిలే జగ్గర్లు, ఇలా ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పని. ఈ జాబితా చదువుతుంటే జంతుశాస్త్రం గుర్తుకు రాదు, సైన్యం పద్దు పుస్తకం గుర్తుకు వస్తుంది.

కథ ఇంతటితో ఆగితే అది చాకచక్యమైన యుద్ధ కథ మాత్రమే అయ్యేది. వాన్స్ ఇంకొక అడుగు వేశాడు. బేసిక్‌లు మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల ఓడలోంచి దిగే సైనికులు మనుషులు. పట్టుకుపోయిన మనుషులను వాళ్లూ తరతరాలుగా పెంచి మలిచారు. బరువైన శరీరాల సైనికులు, వాసన పట్టి వెంటాడే జాడగాళ్లు, ఆయుధాలు నడిపేవాళ్లు, రాక్షసాకారులు. మనుషులు చేసిన డ్రాగన్లు ఒకవైపు, డ్రాగన్ల పూర్వీకులు చేసిన మనుషులు మరొకవైపు. ఒకరి రక్తం ఒకరు తాగుతుంటారు. తాను చీల్చుతున్నది తన మూలజాతినేనని డ్రాగన్‌కు తెలియదు. తాను కాల్చుతున్నది తనవంటి మనిషినేనని ఆ సైనికుడికి పట్టదు. యజమానులకు ఎదురుతిరగటమన్న ఊహ కూడా అతని బుర్రలో ఇమడదు. శరీరంతోపాటు విధేయతను కూడా పెంచారు.

మనిషి శరీరాన్ని పనికి తగ్గట్టు పోతపొయ్యటం గురించి అంతకుముందు రాసినవారు లేకపోలేదు. హాల్డేన్ 1924లో 'డీడలస్' అనే చిన్న పుస్తకంలో గర్భానికి వెలుపల శిశువులను పెంచే రోజు వస్తుందని ఊహించాడు. ఆల్డస్ హక్స్‌లీ 1932లో 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో ఆ ఊహకు వర్గ సమాజాన్ని జోడించి, సీసాలోనే కూలివాడిని కూలివాడుగా తయారుచేసే ప్రపంచాన్ని చూపాడు. వాన్స్ ప్రత్యేకత ఏమిటంటే, మనం ఆ పని చేయించుకుంటూనే మరొక జాతికి చేస్తున్నాం కూడానని చూపించాడు. కథానాయకుడు జోజ్ బాన్‌బెక్ తన డ్రాగన్లను చూసి గర్వపడే కళ్లతోనే ఎదుటివారి మనుషులను చూసి అసహ్యపడతాడు. ఆ రెండు చూపుల మధ్య పాఠకుడు ఇరుక్కుంటాడు.

వాన్స్ వామపక్ష రచయిత కాడు. అందుకు బాధపడవలసిన పనిలేదు. రాజరిక పక్షపాతి అయిన బాల్జాక్ తన అభిప్రాయాలకు విరుద్ధంగా వాస్తవాన్ని చిత్రించిన తీరును ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో మెచ్చుకున్నాడు. డ్రాగన్ శరీరాన్ని నిజాయితీగా ఊహించిన వాన్స్ విషయంలోనూ అటువంటిదే జరిగింది. తోక చివర ఇనుపగుండు ఎందుకున్నదని అడిగితే యజమాని బయటపడక తప్పదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఆన్ మెకాఫ్రీది. పెర్న్ అనే గ్రహం గురించి ఆమె 1967నుంచి వరసగా కథలు రాసింది. మొదటి కథకు 1968లో హ్యూగో బహుమతి వచ్చింది. కథారచనకు ఆ బహుమతి పొందిన తొలి స్త్రీ ఆమె. పెర్న్ డ్రాగన్ల పుట్టుక మాత్రం 1988లో వచ్చిన 'డ్రాగన్స్ డాన్' నవలలో వివరంగా వున్నది. పేటెంటు ఎలుక పుట్టిన సంవత్సరమే అది. భూమినుంచి వలసవచ్చిన మనుషుల మీద ఆకాశంనుంచి 'థ్రెడ్' అనే దారాలవంటి జీవపదార్థం రాలి, తగిలిన ప్రతి ప్రాణినీ తినేస్తుంది. వలసవాళ్ల యంత్రాలకు శక్తి అయిపోతున్నది. అప్పుడు కిటీ పింగ్ అనే వృద్ధ జన్యుశాస్త్రజ్ఞురాలు అక్కడి చిన్న 'అగ్నిబల్లుల' జన్యువులను మార్చి డ్రాగన్లను రూపొందిస్తుంది.

నేను చెప్పిన మొదటి రెండు ప్రశ్నలలో రెండవదానికి మెకాఫ్రీ జవాబు చాలా చక్కనిది. ఆరు అవయవాలెందుకంటే అగ్నిబల్లికి ఆరు వున్నాయి, ఆ గ్రహపు జీవం అలాంటిది. నిప్పు ఎక్కడిదంటే అవి నమిలే రాయిలోంచి ఫాస్ఫీన్ వాయువు పుట్టి గాలిలో మండుతుంది. శాస్త్రజ్ఞురాలు శూన్యంలోంచి ఏదీ తేలేదు, వున్నదాన్ని పెంచింది. మూడవ ప్రశ్నకు కూడా ఆమె కొంత జవాబిచ్చింది. డ్రాగన్ ఇంధనం అయిపోయే యంత్రానికి బదులుగా వచ్చిన, తనంతట తాను పిల్లలను పెట్టే యంత్రం. దాని మేత ఎవరిదన్నది కూడా దాచలేదు. డ్రాగన్ రౌతులు సేద్యం చెయ్యరు. పొలాలున్న ప్రాంతాలవాళ్లు వారికి ధాన్యం, పశువులు పన్నుగా పంపాలి. నాలుగు వందల సంవత్సరాలు థ్రెడ్ రాలకపోయేసరికి ఆ పన్ను ఇవ్వటానికి ప్రభువులు నిరాకరించటంతోనే 1968 నాటి 'డ్రాగన్‌ఫ్లైట్' నడుస్తుంది. ఆహారం సంగతి ఇంత స్పష్టంగా చెప్పిన డ్రాగన్ కథలు అరుదు. కాని ఆ పన్ను పండించిన చేతులు మాత్రం మనకు కనపడవు. ప్రభువుకూ రౌతుకూ మధ్య తగాదా వింటాం గాని రైతు గొంతు వినం.

నా అభ్యంతరం ఇంతకంటె లోతైన చోట వున్నది. పెర్న్ డ్రాగన్‌కు ఇచ్చిన లక్షణాల్లో అతి ముఖ్యమైనది రెక్క కాదు, నిప్పు కాదు, ప్రేమ. గుడ్డులోంచి బయటికి వచ్చిన క్షణంలోనే అది ఒక మనిషిని ఎంచుకుని, మనసుతో మనసు కలుపుకుని, జీవితాంతం ఆ మనిషికి కట్టుబడుతుంది. రౌతు చనిపోతే సాధారణంగా డ్రాగన్ కూడా ప్రాణం తీసుకుంటుంది. డ్రాగన్ చనిపోతే రౌతు కుంగిపోయినా బతికి వుండవచ్చును. ఈ అసమానతను గమనించండి. అగ్నిబల్లిలో మనుషుల పట్ల చనువు మొదటినుంచీ వున్న మాట నిజమే. దాన్ని విడిపోలేని బంధంగా పెంచింది ప్రయోగశాల. ఎద్దుకు ముక్కుతాడు వేస్తాం. ఆ తాడు కనబడుతుంది, ఒక రోజు తెగనూవచ్చును. ఇక్కడ తాడును గుండెలోనే నేశారు. ఇంతటి నిర్ణయాన్ని కథ విషాదంగా గాని, కనీసం సందేహంగా గాని చూడదు, వరంగా చూస్తుంది. లక్షలాది పాఠకులు ఆ బంధాన్ని చదివి కన్నీరు పెట్టుకున్నారు. వారిని నేను తప్పుపట్టను, ఆ ఆర్ద్రత నాకూ కలిగింది. కన్నీరు తుడుచుకున్న తరవాతనైనా, సేవ చెయ్యాలన్న కోరికను సేవకుడి శరీరంలో పెట్టినవాడెవడని అడగాలి.

రంగుల విషయం కూడా అలాంటిదే. బంగారు రంగువి రాణులు. కంచు రంగు డ్రాగన్ల మీదివారు నాయకులు. గోధుమ రంగువి ఆ తరవాత. నీలం, ఆకుపచ్చ అడుగున. ఆకుపచ్చవి ఆడవే అయినా నిప్పురాయి నమలటం వల్ల గొడ్డుపోతాయి. రాణులు ఆ రాయి నమలవు, సంతానాన్ని కాపాడుకుంటాయి. ముందువరసలో పోరాడేవారికి వంశం లేదు, వంశమున్నవారు ముందువరసలో నిప్పు నమలరు. రంగు ఆ జంతువుకు పూర్వీకుల నుంచి వచ్చింది. ఆ రంగుకు పదవి కట్టినది మాత్రం మనుషుల సమాజం. మన భాషలో వర్ణమనే మాటకు రంగు అని ఒక అర్థం, పుట్టుకతో వచ్చే మెట్టు అని మరొక అర్థం. కనుక తెలుగు పాఠకుడు ఈ కథను అమెరికా పాఠకుడి కంటె ఎక్కువ అనుమానంతో చదవటానికి కారణం వున్నది. పుట్టుక పనిని నిర్ణయిస్తుందని చెప్పే కథ ఎంత అందమైన రెక్కలు తొడుక్కుని వచ్చినా మనం దాన్ని గుర్తుపట్టాలి.

అయితే మెకాఫ్రీకి అన్యాయం చెయ్యకూడదు. తాను కల్పించిన శరీరం ఆమెను ఎక్కడికో తీసుకుపోయింది. 1991 నాటి 'ఆల్ ది వెయిర్స్ ఆఫ్ పెర్న్'లో థ్రెడ్ మూలమైన గ్రహపు కక్ష్యనే మార్చి ఆ పీడను శాశ్వతంగా తొలగిస్తారు. ఆ పని చేసింది డ్రాగన్లే. దానితో వాటిని చేయించిన ఆజ్ఞకు కాలం చెల్లింది. మరి పని తీరిపోయిన శరీరం ఏం కావాలి? 2001లో వచ్చిన 'ది స్కైస్ ఆఫ్ పెర్న్' ఈ ప్రశ్నను ఎదుర్కొంటుంది. అందులో డ్రాగన్లలో తాకకుండానే వస్తువులను కదిలించగల శక్తి వున్నట్టు మనుషులు తెలుసుకుంటారు. పట్టికలో ఎవరూ రాయని లక్షణం అది. మూడు దశాబ్దాల తరవాత డ్రాగన్ తన పద్దులో లేని శక్తితో కనిపించటం నాకు ఆ కథాసముదాయంలోకెల్లా ఆశాజనకమైన విషయంగా తోచింది.

ఆజ్ఞను మించిపోయే శరీరమనే ఈ అంశాన్ని మైకేల్ క్రైటన్ 1990లో 'జురాసిక్ పార్క్'లో మరొక విధంగా పట్టుకున్నాడు. అవి డ్రాగన్లు కావు, డైనోసార్లు. అయినా కట్టిన శరీరాలే. అన్నిటినీ ఆడవిగా పుట్టించారు. లైసిన్ అనే పోషకం యజమాని పెడితే తప్ప బతకకుండా చేశారు. చూడవచ్చేవారు మందకొడి జంతువులను ఆశిస్తారు గనుక నెమ్మదిగా నడిచే కొత్త రకాన్ని చేద్దామని శాస్త్రజ్ఞుడంటే, జనం అసలైనవాటినే చూడగోరుతారని యజమాని కాదంటాడు. ఇద్దరి వాదనా టిక్కెట్టు కొనేవాడి చుట్టూనే తిరుగుతుంది. చివరికి లోటు పూడ్చటానికి వాడిన కప్ప జన్యువుల మూలంగా కొన్ని మగవిగా మారి పిల్లలను పెడతాయి. ఈ నవలలో పాత్రలు పలచన. కాని సరుకుగా తయారైన శరీరం సరుకుగానే వుండిపోదన్న సంగతి బలంగా నిలిచింది.

ఇప్పుడు తూకం వేద్దాం. వాన్స్ ఆజ్ఞను నగ్నంగా చూపాడు. కాని ఆజ్ఞకు లోబడినదాని గొంతు వినిపించలేదు. అతని డ్రాగన్లు బుసకొడతాయి, చస్తాయి, అంతే. మెకాఫ్రీ డ్రాగన్‌కు మాట ఇచ్చింది, హాస్యం ఇచ్చింది, మమకారం ఇచ్చింది. కాని ఆ మాటతో అది ఆజ్ఞను గురించి ఒక్క ప్రశ్న అడగదు. ఒకచోట బానిసత్వం వున్నది, బానిస మనసు లేదు. మరొకచోట మనసున్నది, బానిసత్వానికి పేరు లేదు. ఈ రెండూ ఒకే కథలో కలిసిననాడు డ్రాగన్ కథ పెద్ద సాహిత్యమవుతుందని నా నమ్మకం.

ఇదంతా దూరదేశపు ఊహాలోకాల గొడవ అని అనుకునేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2002లో మన దేశంలో జన్యువు మార్చిన పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగును చంపే గుణం ఒక నేల బాక్టీరియానుంచి ఆ మొక్కలోకి వచ్చింది. అప్పట్లో 450 గ్రాముల విత్తన పొట్లం ధరలో పెద్ద భాగం విత్తనానికి కాదు, ఆ ఒక్క లక్షణానికి చెల్లించే రుసుముగా వుండేది. అది భరించరానిదని 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది. శరీరంలోని లక్షణానికి ధర వుంటుందని, దానికొక యజమాని వుంటాడని వరంగల్ పత్తి రైతుకు ఏ నవలా చెప్పనవసరం లేదు. డ్రాగన్ కథలు రాసే మన యువకులు ఈ అనుభవం పక్కనే కూచుని రాస్తున్నారు. అయినా వారి పట్టికల్లో అది కనిపించటం లేదు. దీన్ని నేను వారి తప్పుగా కాక, వారికి ఆ దారి చూపని మా విమర్శకుల తప్పుగా భావిస్తున్నాను.

ఆ విద్యార్థికి పట్టిక చించివెయ్యమని నేను చెప్పలేదు. రెక్కల కొలత చూసి, రొమ్ము కండరాలు చాలవని హాల్డేన్ లెక్క చూపించాను. తరవాత ఐదో పేజీ రాసుకురమ్మన్నాను. ఆ జంతువుకు డబ్బు పెట్టినదెవరు, దాని మేత ఏ పొలంలోనిది, పని తీరిన తరవాత దాన్ని ఏం చేద్దామనుకున్నారు, దానికి ఇవ్వకుండా జాగ్రత్తపడిన లక్షణం ఏది, ఈ నాలుగింటికీ జవాబు కావాలన్నాను. చివరి ప్రశ్న దగ్గర అతడు చాలాసేపు ఆలోచించి, "గొంతు సార్. నిప్పుకోసం గొంతు పెట్టారుగాని, మాటకు పెట్టలేదు" అన్నాడు. కథ మళ్లీ రాస్తానని కాగితాలు తీసుకుపోయాడు.